పేతురుగారి శవాసనం

ఆ రోజుకి పేతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే స్టేషను వెనక తోటలో యోగా క్లాసుకి హాజరవ్వాలి. ఆ తర్వాత ఎవరి మీదా కసురుకోకుండా రెండిడ్లీలు తినాలి. అట్నుంచి ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరు ముందు చెయ్యి చాపి, బీపీ తగ్గిందనిపించుకుని, వచ్చి ఫైరింజను ఎక్కాలి. తగ్గకపోతే మాత్రం ఇక బండి ఎక్కే యోగం లేదు. రిటైరయ్యేదాకా వాచ్‌రూములో ఫోను పక్కన కూర్చోవలసిందేనని డాక్టరు కిందటిసారే చెప్పేశాడు.

రాజోలుకీ మలికిపురానికీ మధ్య ఉన్న ఆ చిన్న ఫైరు స్టేషనులో పేతురు లీడింగు ఫైర్‌మన్. ఎండాకాలం తాటాకిళ్ళు అంటుకుంటే ఆర్పాడు. వరదలొస్తే లంకల్లో జనాన్ని పడవ మీద గట్టుకి చేర్చాడు. కాలవలో మునిగినవాళ్ళను, అప్పటికే ఆలస్యమైపోయిందని తెలిసినా, వెతికి పైకి తెచ్చాడు. మొదటి రెండింటి గురించీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. మూడోదాని గురించి ఎవరికీ చెప్పలేదు. అది మాత్రం రాత్రిళ్ళు తనంతట తానే వచ్చి మంచం పక్కన నిలబడేది. అలా అతని నిద్ర పోయింది. నిద్ర పోయాక శాంతం పోయింది. ఇంట్లో కుక్కరు కూత వేస్తే బూట్లు తొడుక్కుని వీధిలోకి పరుగెత్తేవాడు. ఆదివారం చర్చిలో గంట కొడితే లేచి నిలబడి డ్రైవరు కోసం చుట్టూ చూసేవాడు.

ఒక్క పేతురు సంగతే కాదు, స్టేషనులో అందరూ కొంచెం అటూ ఇటూగా అలాగే ఉన్నారని స్టేషను ఆఫీసరు ఇందిర కనిపెట్టింది. వయసులో చిన్నదే అయినా మనుషుల్ని గమనించే మనిషి. ఊళ్ళో రిటైరైన సైన్సు మాస్టారు మురళీమోహన్‌గారిని బతిమాలి, పొద్దున్నే యోగా, ప్రాణాయామం నేర్పించే ఏర్పాటు చేసింది. పేతురు భార్య కాంతమ్మ ప్రాథమిక పాఠశాలలో టీచరు. "ఇది మనం చెయ్యొచ్చంటారా?" అని ఆవిడ పాస్టరుగారినే అడిగి వచ్చింది. ఊపిరి దేవుడిచ్చిందే కదమ్మా, నిరభ్యంతరంగా పీల్చుకోమనండి అన్నాడాయన.

పీల్చుకోవడం వరకూ పేతురుకి బాగానే వచ్చింది. ఎటొచ్చీ శవాసనం దగ్గరే చిక్కు. మిగతావాళ్ళు చాప మీద వాలగానే దుంగల్లా పడి ఉంటే పేతురుకి మాత్రం కాలిబొటనవేలు ఆడేది, ఆ తర్వాత మోకాలు ఆడేది, ఆ తర్వాత లేచి వెళ్ళి ఇంజనులో నీళ్ళు నిండుగా ఉన్నాయో లేదో చూసి వచ్చేవాడు. పేతురుగారు కదలకుండా ఉండటం అన్నది చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ చూడలేదు.

ఆ రోజు పొద్దున్న మాస్టారు పట్టుదల మీద ఉన్నారు. చిన్న స్పీకరులో సముద్రపు హోరు పెట్టి అందరినీ వరసగా పడుకోబెట్టారు.

"ఇవాళ ఏ చప్పుడు వినపడినా పట్టించుకోకండి. అది మేఘం లాంటిదనుకోండి. అదే వస్తుంది, అదే పోతుంది. మనకి సంబంధం లేదు. పేతురుగారూ, మీకేనండి చెప్పేది."

"ఆయ్, అలాగేనండి."

"మా స్టేషను గంట మాత్రం మేఘం కాదండి మాస్టారూ," అంది ఇందిర తను కూడా చాప మీద వాలుతూ.

"గంట మినహాయింపండి," అన్నారు మాస్టారు, ఆయన కూడా చివర ఒక చాప పరుచుకుని.

పేతురు కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు గదీ, చేతికి చుట్టే పట్టీ గుర్తొచ్చాయి. ఎలాగైనా ఇవాళ కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు, వదిలాడు. మళ్ళీ తీసుకున్నాడు. ఏమైందో ఏమో, బొటనవేలు ఆడలేదు. మోకాలు కూడా ఊరుకుంది. చాప కింద నేల చల్లగా వీపుకి తగిలింది. అలా ఎంతసేపున్నాడో తెలియదు, ఎక్కడో పైనుంచి, ఆకాశంలోంచి అన్నట్టు, "పేతురుగారండీ!" అని పిలుపు వినిపించింది.

'మేఘం,' అనుకున్నాడు పేతురు.

"పేతురుగారండోయ్!"

'ఇదీ మేఘమే.'

కాసేపటికి కాస్త దూరంలో ధబ్బుమని ఏదో పడింది. మరో రోజైతే గంతేసి లేచేవాడు. ఆ రోజు అది కూడా మేఘమే అనుకుని, నెమ్మదిగా ఊపిరి వదిలి, తన నిగ్రహానికి తనే మురిసిపోయాడు.

పైన జరిగినదేమిటో అతనికి తర్వాత తెలిసింది. చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే చిన్నబ్బాయి అనే అతను తెల్లవారకముందే తోటలోకి వచ్చి, ఒక చెట్టు దింపి, రెండోది ఎక్కాడు. చెట్టు తల దాకా ఎక్కి కిందకి చూసేసరికి ఫైరు స్టేషను మొత్తం వరసగా నేల మీద పడి ఉంది. మేడమ్‌గారు కూడా పడి ఉన్నారు. మాస్టారు కూడా. కునుకు తీస్తున్నారేమో అనుకునేవాడే. కానీ వాళ్ళ మధ్యలో పేతురుగారు కదలకుండా పడి ఉన్నాడు. పిలిచినా పలకలేదు. ఒక కాయ కోసి ఎవరికీ తగలకుండా దూరంగా పడేసి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంతటితో చిన్నబ్బాయికి అనుమానం తీరిపోయింది.

పొలాల కిందుగా గ్యాసు పైపులు పోయే ఆ ప్రాంతంలో నిలబడ్డ మనుషులు ఉన్నట్టుండి పడిపోయారంటే ఎవరికైనా తట్టేది ఒకటే. చిన్నబ్బాయి తలగుడ్డ విప్పి ముక్కూ నోరూ కళ్ళూ కలిపి చుట్టేసుకున్నాడు. గుడ్డ సందులోంచి నంబరు చూసుకుని, తనని దింపుకి పంపిన కొబ్బరికాయల వ్యాపారి వీరవేణిగారికి ఫోను చేసి, ఆ గుడ్డలోంచే, "గ్యాసండి! తోటలో అందరూ పడిపోయేరండి! నేను చెట్టు మీదున్నానండి!" అని అరిచాడు. ఆ కంగారులో ఫోను జారి కింద పడింది. కిందకి దిగితే గ్యాసు, పైనుంటే భయం. రెండు చేతులా మాను కావలించుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

వీరవేణిగారు వెంటనే ఫైరు స్టేషనుకి ఫోను చేసింది. వాచ్‌రూములో డ్యూటీ మీదున్న సుభాష్ ఎత్తాడు.

"బాబూ, మా తోటలో గ్యాసు లీకైపోయిందండి. మనుషులు పడిపోయేరండి. వేగం రావాలండి!"

"ఎవరండీ మాట్లాడేది?"

"వీరవేణినండి, కొబ్బరికాయల వీరవేణిని!"

వీరవేణిగారి తోట తెలియనివాళ్ళు అక్కడెవరూ లేరు. మలికిపురం దాటాక కాలవ గట్టున ఉంది. సుభాష్ గంట కొట్టాడు.

గంట మేఘం కాదు కనుక అందరూ ఒక్క ఉదుటున లేచారు. లోపలికి పరుగెత్తి బూట్లు తొడుక్కున్నారు. డ్రైవరు హర్ష బండి స్టార్టు చేశాడు. గ్యాసు అనగానే మాస్టారు ఊపిరి బిగబట్టి, వాళ్ళతో పాటు పరుగెత్తుకొచ్చి, ఎందుకెక్కుతున్నారో తనకే తెలియకుండా ఇంజను ఎక్కేశారు. సైరను మోగించుకుంటూ బండి వెళ్ళిపోయింది. గుడ్డలో కళ్ళు మూసుకున్న చిన్నబ్బాయి ఆ సైరను విని, ప్రాణాలతో మిగిలినవాళ్ళెవరో పారిపోతున్నారనుకుని, రోడ్డు కేసి తిరిగి గొంతు చించుకున్నాడు.

"ఫైరోళ్ళు పోయేరండోయ్! అందరూ పోయేరండోయ్!"

రోడ్డు మీద పోతున్న ఆటో పెదబాబు ఆ మాట విన్నాడు. చెట్టు మీద ఎవరున్నారో చూడటానికి ఆగలేదు. ఎక్కిన బేరాన్ని కూడా దింపకుండా ఆటో వెనక్కి తిప్పి, కనబడ్డ ప్రతి కొట్టు దగ్గరా ఆ కబురు దింపుకుంటూ పోయాడు. క్షణాల మీద సెంటరులో ఇడ్లీ కొట్టు పొయ్యి ఆరిపోయింది. షట్టర్లు పడ్డాయి. పీతలు అమ్మే ఆవిడ తట్ట రోడ్డు మీదే వదిలి పరుగెత్తితే, సందు దొరికిన పీతలు కూడా తలో దిక్కూ పట్టాయి. ఎవరో అంబులెన్సుకి ఫోను చేశారు. ఎంతమంది అని అవతలివాళ్ళు అడిగితే, "స్టేషను మొత్తవండి," అని చెప్పారు.

బళ్ళో పిల్లల్ని వరసగా నిలబెట్టి ప్రార్థన చేయిస్తున్న కాంతమ్మకి ఆ కబురు అందింది. ఆవిడ పిల్లల్ని తోటి టీచరుకి అప్పగించింది. భర్తకి ఫోను చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. క్లాసు జరిగేటప్పుడు ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టించడం మాస్టారి నియమం. ఆవిడ స్టేషనుకి ఫోను చేసింది. అక్కడ సుభాష్ ఒక చెవికి వైర్‌లెస్సు, ఇంకో చెవికి ఫోను పెట్టుకుని కొట్టుకుంటున్నాడు.

"సుభాష్, మావారు... మావారు పోయేరంటన్నారు. నిజవేనా బాబూ?"

"ఆయ్, ఇప్పుడేనండి."

"ప్రభువా! ఎవరెవరు?"

"అందరూ పోయేరండి. మేడమ్‌గారు, మాస్టారు, హర్ష... నేనొక్కణ్ణే మిగిలేనండి."

"ఎలా జరిగింది బాబూ?"

"ఏం లేదండి, ఇందాకటిదాకా తోటలో శవాసనంలో ఉన్నారండి. ఇంతలో..."

కాంతమ్మకి శవాసనం అన్న మాటలో మొదటి రెండక్షరాలే వినిపించాయి. మిగతా మాటల్ని వినేవాళ్ళు లేక ఫోనులో సుభాష్ ఒక్కడే కాసేపు మాట్లాడాడు.

అటు మలికిపురం దాటాక కాలవ గట్టు తోటలో ఇందిర, ఆవిడ మనుషులు మాస్కులు తగిలించుకుని, గ్యాసుని పసిగట్టే మిషను చేత్తో పట్టుకుని, చెట్టు చెట్టూ వెతికారు. ఒక పెయ్యదూడ తప్ప ఎవరూ కనిపించలేదు. అది కూడా ఆరోగ్యంగానే ఉంది. మిషను కిక్కురుమనలేదు. ఆ సమయానికి సుభాష్ వైర్‌లెస్సులోకి వచ్చాడు.

"మేడమ్, పడిపోయింది ఫైరోళ్ళంటండి. ఊరంతా అదే అనుకుంటన్నారండి."

"ఏ ఫైరోళ్ళు?"

"మనోళ్ళేనంటండి."

"మనవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారయ్యా!" అంది ఇందిర. అన్నదే కానీ, ఎందుకైనా మంచిదని తన మనుషుల్ని ఒకసారి వేలుపెట్టి లెక్కపెట్టుకుంది. ఒకరు ఎక్కువ వచ్చారు. ఇంకోసారి లెక్కపెట్టాక ఆ ఎక్కువ మాస్టారని తేలింది. ఆయన ఇంజను పక్కన ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు.

హర్ష బండిలోనే వదిలేసిన ఫోను తీసుకుని, సుభాష్‌ని నంబరు అడిగి, పేతురు వీరవేణిగారికి చేశాడు.

"అమ్మా, పేతురునండి, ఫైరు స్టేషను. మీ తోటంతా గాలించేవండి. ఇక్కడెవరూ లేరండి."

"కాలవ గట్టు తోటకి ఎందుకెళ్ళేరండీ? అది కాదండి, మీ స్టేషను వెనక తోటండి. మొన్ననే నేను కౌలుకి తీసుకున్నానండి. చిన్నబ్బాయి చెట్టు మీదున్నాడండి, పాపం ఏవయ్యేడో ఏవో!"

పేతురు ఫోను పెట్టేశాడు. తోట, పడిపోయిన మనుషులు, పైనుంచి పిలుపు, ధబ్బుమన్న చప్పుడు. ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి.

"మేడమ్, స్టేషను వెనక పడిపోయినోళ్ళంటే మనవేనండి."

"అంటే?"

"ఇందాకటి మేఘం... చిన్నబ్బాయండి."

బండి వచ్చిన దారినే తిరిగి పరుగెత్తింది. ఒక గోడ అవతలికి చేరుకోవడానికి ఫైరింజను మలికిపురం దాకా వెళ్ళిరావడం ఆ స్టేషను చరిత్రలో అదే మొదలు. సెంటరులో తడిగుడ్డలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డ జనం, చచ్చిపోయారనుకున్నవాళ్ళు సైరను వేసుకుంటూ ఎదురు రావడం చూసి రెండుగా చీలిపోయి దారి ఇచ్చారు.

తోటలోకి వెళ్ళి తల ఎత్తి చూసేసరికి పేతురుకి దారి పొడుగునా వస్తున్న నవ్వు ఎగిరిపోయింది. చిన్నబ్బాయి చెట్టు తల దగ్గర మానుకి అతుక్కుని ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి. చెట్టెక్కడానికి పాదాలకి వేసుకున్న కాలిబంధం ఒక పక్కకి జారింది. గ్యాసు పీల్చకూడదని ఊపిరి బిగబట్టి, తట్టుకోలేక ఒక్కసారిగా రొప్పి, మళ్ళీ బిగబడుతున్నాడు. ఇంకాసేపు అలాగే ఉంటే కళ్ళు తిరిగి పడిపోవడం ఖాయం. ఇందిర నిచ్చెన వేయించింది. ఎవరెక్కుతారని అడిగేలోగానే పేతురు సగం ఎక్కేశాడు.

"చిన్నబ్బాయీ!" అని చెవి దగ్గరగా పిలిచాడు.

చిన్నబ్బాయి కళ్ళు తెరవకుండానే బావురుమన్నాడు.

"పేతురుగారండీ, మీరా అండీ? నన్ను తీసుకుపోవడానికి వచ్చేరా అండీ? నాకు ఇద్దరు పిల్లలండి!"

"నేను చావలేదు చిన్నబ్బాయీ!"

"చచ్చిపోయేరండి. నా కళ్ళతో చూసేనండి. మీరు కదల్లేదండి!"

చిన్నబ్బాయి చేతులు మాను మీద అంగుళం జారాయి. కింద జనం అబ్బా అన్నారు. కాలవలోకి ఆలస్యంగా దిగిన రోజులు పేతురు కళ్ళ ముందు మెదిలాయి. 'లేదు, వీడు బతికే ఉన్నాడు,' అనుకున్నాడు. గొంతులోకి వస్తున్న అరుపుని మింగి, ముక్కుతో నిండా గాలి తీసుకుని, నెమ్మదిగా వదిలాడు. అప్పుడు అతని నోట్లోంచి వచ్చిన గొంతు అచ్చం మాస్టారి గొంతులా ఉంది.

"సరే చిన్నబ్బాయీ. నేను చచ్చిపోయేననే అనుకో. నా ఊపిరి వినపడుతోంది కదా. నాతో పాటు నువ్వూ తీసుకో. ముక్కుతో తీసుకో. తొందర లేదు. ఆపకు, వదిలెయ్. నెమ్మదిగా. పాలు కాగేక చల్లార్చడానికి ఊదుతావే, అలాగ. మళ్ళీ తీసుకో."

రొప్పు తగ్గింది. కాళ్ళ వణుకు తగ్గింది. కొంతసేపటికి చిన్నబ్బాయి గుడ్డ కిందకి లాగి ఒక కన్ను తెరిచాడు. ఎదురుగా పేతురు ముఖం, చెమటలు కారుతూ, చాలా సజీవంగా ఉంది.

"మరి గ్యాసండీ?"

"గ్యాసూ లేదు, ఏవీ లేదు. ఇందాక మేం యోగా చేస్తన్నాం, అంతే."

"అలా పడుకోవడవేంటండీ యోగా?" అన్నాడు చిన్నబ్బాయి. అప్పుడు కూడా అతనికి నమ్మకం కుదరలేదు. అయినా పేతురు తన నడుముకి తాడు కడుతుంటే కట్టించుకుని, అతను చెప్పినట్టే ఊపిరి తీస్తూ వదులుతూ, ఒక్కొక్క మెట్టే దిగాడు.

వాళ్ళు సగం దిగేసరికి పెదబాబు ఆటో వచ్చి ఆగింది. కాంతమ్మ దిగింది. కింద చాపలు ఖాళీగా పరిచి ఉన్నాయి. అంబులెన్సు వాళ్ళు ఎవరిని ఎక్కించాలో తెలియక స్ట్రెచరు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆవిడ తల ఎత్తి చూసింది. పోయిన భర్త ఆకాశంలోంచి నిచ్చెన మీద దిగుతున్నాడు.

ఆవిడ నిచ్చెన మొదటికి పరుగెత్తింది. అక్కడ నోరు తెరిచాక ఇక ఆగలేదు.

"దిగండి! ముందు దిగండి చెప్తాను! చచ్చిపోయేరని ఊరంతా ఏడుస్తుంటే చెట్లెక్కుతున్నారా? ఫోనెత్తరా? బతికున్నాననైనా ఒక్క మాట చెప్పరా?" అని, అతను నేల మీద కాలు మోపగానే చొక్కా పట్టుకుని, ఆ చొక్కాలోనే ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. పేతురు ఎప్పటిలా కసురుకోలేదు. "ఊపిరి తీసుకో కాంతం," అన్నాడు.

"మీరూ మీ ఊపిరీ!" అంది ఆవిడ, తీసుకుంటూనే.

మాస్టారు చిన్నబ్బాయి దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. "తప్పు నాదే బాబూ. మేఘం మాట కొంచెం ఎక్కువ చెప్పేను," అన్నారు. పేతురు తల అడ్డంగా ఊపాడు. ఆ మాటలే లేకపోతే చెట్టు మీద తను అరిచేవాడినని, తను అరిస్తే వాడు చెయ్యి వదిలేసేవాడని అతనికి తెలుసు.

ఆ మధ్యాహ్నం కాంతమ్మే దగ్గరుండి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంత జరిగాక బీపీ ఎక్కడుంటుందో పేతురుకి ఊహకందింది. వాచ్‌రూములో ఫోను పక్కన కుర్చీ కూడా కళ్ళ ముందు కనిపించింది. డాక్టరు పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, నమ్మకం లేక రెండో చేతికి చుట్టాడు.

"బావుందండి. చాలా బావుంది. ఇవాళ పొద్దున్నుంచి బాగా విశ్రాంతి తీసుకున్నట్టున్నారు?"

"ఆయ్, కదల్లేదండి," అన్నాడు పేతురు.

ఆ మాట వినగానే పక్క కుర్చీలో కాంతమ్మ ముఖం ఎర్రబడింది. డాక్టరు ఆవిడ కేసి ఒకసారి పరీక్షగా చూసి, పేతురు చేతికున్న పట్టీ విప్పి ఆవిడ చేతికి చుట్టాడు. చూసి కళ్ళజోడు తీశాడు.

"అమ్మా, మందులు రాస్తాను. అలాగే పొద్దున్నే ఈయనతో పాటు మీరూ ఆ క్లాసుకి వెళ్ళాలి."

మర్నాటి నుంచి పేతురు యథాప్రకారం బండి ఎక్కాడు. క్లాసుకి జనం పెరిగారు. కాంతమ్మ వచ్చింది, వీరవేణిగారు వచ్చింది. చిన్నబ్బాయి కూడా వచ్చి అందరికంటే ముందు పడుకున్నాడు కానీ, పక్కవాళ్ళు బతికున్నారో లేదోనని మధ్యమధ్య ఒక్కొక్కరినీ తట్టి చూసేవాడు. అది గమనించిన ఇందిర పెయింటరుని పిలిపించి, రోడ్డు మీదికి కనపడేలా గోడకి ఒక బోర్డు రాయించింది.

"ఇచ్చట పడుకున్నవారు బతికే ఉన్నారు."